సోల్డరింగ్ ఐరన్‌కు బిట్టును ఎంచుకొను విధానము

పైరుపై పురుగు కనిపించి మందు కొట్టవలసిన రోజుననే బ్యాటరీ స్ప్రేయరు ఆగిపోవుట చాలమంది రైతులకు అనుభవమే. విప్పి చూచినచో లోపల పెద్ద లోపమేమియు ఉండదు. స్విచ్చి వద్దనో, ఛార్జింగు పిన్ను వద్దనో ఒక వైరు ఊడి యుండును. దానిని తిరిగి అతుకుటకు పట్టు కాలము ఐదు నిమిషములు. ఆ ఐదు నిమిషముల పనికై పట్టణమునకు పోయి వచ్చుసరికి ఒక పూట గడచిపోవును. ఒక్కొక్కప్పుడు అదను కూడ దాటిపోవును.

నేడు రైతు ఇంట విద్యుత్తుతో నడచు పరికరములు ఎక్కువైనవి. బ్యాటరీ స్ప్రేయరు, మోటారును సెల్‌ఫోనుతో నడుపు స్టార్టరు, సోలారు కంచె పెట్టె, తలకు కట్టుకొను లైటు, ట్రాక్టరు దీపములు మొదలగు వాటిలో చిన్న అతుకులు అనేకము కలవు. అందువలన కొందరు రైతులు స్వయముగా సోల్డరింగ్ ఐరన్ కొని వాడుచున్నారు. ఇది మంచిదే. అయినను వారు వేసిన అతుకు నాలుగు రోజులకే వదలివచ్చుట, వైరుపై ప్లాస్టిక్ తొడుగు కాలిపోవుట, బోర్డుపై రాగి పూత లేచిపోవుట తరచుగా జరుగుచున్నది. దీనికి చేతివాటము లేకపోవుటకంటె, పనికి తగని బిట్టును వాడుటయే ఎక్కువసార్లు కారణము.

బిట్టు అనగా ఐరన్ చివర వేడెక్కి టంకమును కరగించు లోహపు కొన. గునపముతో కలుపు తీయము, పారతో పందిరి గుంజకు గొయ్యి తీయము. అట్లే ఒకే బిట్టుతో అన్ని అతుకులు వేయుట సాధ్యము కాదు. ఏ పనికి ఏ బిట్టు తగునో, ఎందులకు తగునో ఈ వ్యాసమున వివరింపబడినది.

టంకము ఎట్లు అంటుకొనును?

వైర్లకు వాడు టంకపు తీగలో సాధారణముగా తగరము 60 పాళ్లు, సీసము 40 పాళ్లు ఉండును. ఇది 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగ మొదలిడి, 190 డిగ్రీలు వచ్చుసరికి పూర్తిగా నీరగును. తగరము 63, సీసము 37 పాళ్లుగల తీగ 183 డిగ్రీల వద్దనే ఒక్కసారిగా కరగును, ఒక్కసారిగా గట్టిపడును. కొత్తగా నేర్చుకొనువారికి ఈ రెండవ రకము మేలు. సీసము లేని టంకము కూడ దొరకుచున్నది. అది 217 నుండి 227 డిగ్రీల వరకు వేడి కోరును.

టంకపు తీగ మధ్య సన్నని రంధ్రములో రోజిన్ అను పైన్ చెట్టు బంక నింపబడి యుండును. అది వేడికి కరగి రాగిపైనున్న చిలుమును తొలగించును. చిలుము పోయిన రాగిపై టంకము నీటివలె పారి అంటుకొనును.

ఇచ్చట ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. టంకము కరగినంత మాత్రమున అతుకు పడదు. అతుకవలసిన వైరు, పిన్ను కూడ టంకము కరగునంత వేడెక్కవలెను. చల్లని వైరుపై కరగిన టంకమును పోసినచో, అది తామరాకుపై నీటిబొట్టువలె గుండ్రముగా నిలచునే కాని పట్టుకొనదు. పైకి అతికినట్లే కనిపించును. కదలిక తగిలినప్పుడు ఊడును. మెకానిక్కులు దీనినే డ్రై సోల్డర్ అందురు.

బిట్టు చేయు పని

బిట్టు చేయవలసిన పని ఐరన్‌లోని వేడిని అతుకువద్దకు చేర్చుట. దీనిని బోదెతో పోల్చవచ్చును. బావిలో ఎంత నీరున్నను, బోదె సన్నమైనచో మడికి చేరు నీరు తక్కువ. పైగా మడి ఇసుక నేల అయినచో, వచ్చిన నీరు వచ్చినట్లు ఇంకిపోవును, మడి చివర తడవదు. లావు రాగి వైరు ఇసుక నేల వంటిది. రాగి వేడిని త్వరగా దూరమునకు లాగుకొని పోవును. అట్టి వైరునకు సూది మొనవంటి బిట్టు పెట్టినచో, మొన తగిలిన చోట తప్ప మిగిలిన భాగము వేడెక్కదు.

చాలమంది చేయు పొరపాటు ఇచ్చటనే కలదు. వస్తువు కాలిపోవునేమో అను భయముతో వారు మిక్కిలి సన్నని బిట్టును ఎంచుకొందురు. దానితో టంకము పట్టక, అర నిమిషము, ఒక నిమిషము అదిమి పట్టుదురు. ఆ లోపున వేడి వైరు వెంట నెమ్మదిగా ప్రాకి ప్లాస్టిక్ తొడుగును కాల్చును, బోర్డుపై రాగి పూతను లేపును. తగినంత వెడల్పుగల బిట్టు అయినచో రెండు మూడు సెకండ్లలో అతుకు పూర్తి యగును, చుట్టుప్రక్కల వస్తువులకు వేడి చేరకమునుపే ఐరన్‌ను తీసివేయవచ్చును. వస్తువును కాల్చునది బిట్టు వెడల్పు కాదు, ఎక్కువసేపు పట్టి యుంచుటయే.

కనుక బిట్టు కొన, వేడిచేయవలసిన చోటికి ఇంచుమించు సమాన వెడల్పుగా ఉండవలెను. ఆ చోటికంటె వెడల్పుగా ఉన్నచో ప్రక్క అతుకులకు తగులును. సగముకంటె సన్నముగా ఉన్నచో వేడి చాలదు.

బిట్లలో రకములు

బజారులో ముఖ్యముగా ఐదు ఆకారముల బిట్లు దొరకును.

1. ఉలి బిట్టు: వడ్రంగి ఉలివలె కొన చదునుగా ఉండును. చదును భాగమును ఆనించినచో వేడి త్వరగా చేరును, అంచుతో సన్నని పని కూడ చేయవచ్చును. రైతు ఇంట ఒకే బిట్టు ఉండవలెనన్నచో ఇదే ఉండవలెను.

2. శంకువు బిట్టు: కొన గుండ్రముగా సన్నబడి యుండును. క్రొత్త ఐరన్‌లతో తరచుగా ఇదే వచ్చును. చిన్న పిన్నులకు పనికివచ్చును కాని, కొన ఒక్క బిందువువద్దనే తగులుట వలన వైర్ల పనికి చాలదు.

3. సూది బిట్టు: శంకువుకంటె సన్నము. బోర్డుపైనున్న అతి చిన్న భాగములకు మాత్రమే వాడవలెను. రైతునకు దీని అవసరము అరుదు.

4. ఏటవాలు బిట్టు: గుండ్రని కడ్డీని ఏటవాలుగా కోసినట్లుండును. ఆ కోత ముఖముపై కొద్దిగా టంకము నిలచును. రెండు పిన్నుల మధ్య టంకము కలిసిపోయినప్పుడు లాగి తీయుటకు, వైరు కొనలకు ముందుగా టంకము పూయుటకు అనుకూలము.

5. కత్తి బిట్టు: చాకువలె పొడవైన అంచు ఉండును. వరుసగా ఉన్న పిన్నులను వేడిచేయుటకు, లావు పిన్నులకు అంచు పొడవునా ఆనించుటకు బాగుండును.

వేడిని అమర్చుకొను స్టేషను రకపు ఐరన్‌లకు వచ్చు చాల బిట్లపై అక్షరము, అంకె ఉండును. డి అనగా ఉలి, బి అనగా శంకువు, ఐ అనగా సూది, సి అనగా ఏటవాలు, కె అనగా కత్తి. 2.4డి అని ఉన్నచో అది 2.4 మిల్లీమీటర్ల వెడల్పుగల ఉలి బిట్టు అని తెలిసికొనవలెను.

అన్ని బిట్లు అన్ని ఐరన్‌లకు సరిపోవు. కొన్నిటిలో బిట్టు కడ్డీవలె లోపలికి దూరి మరతో బిగియును. మరికొన్నిటిలో హీటరుపై టోపీవలె తొడుగబడును. దుకాణమునకు పోవునపుడు పాత బిట్టును వెంట తీసికొని పోయి సరిపోల్చి కొనవలెను. వదులుగా కూర్చున్న బిట్టుకు హీటరులోని వేడి సరిగా చేరదు.

ఏ పనికి ఏ బిట్టు?

తలలైటు, టార్చి, రేడియో వైర్లు: ఇవి సన్నని వైర్లు. 1.6 మిల్లీమీటర్ల ఉలి బిట్టు, 25 వాట్ల ఐరన్ చాలును. కాని ఎల్.ఇ.డి. దీపము అల్యూమినియము పలకపై కూర్చబడి యున్నచో సంగతి వేరు. అతుకు చిన్నదే అయినను, క్రింది పలక వేడినంతను త్రాగివేయును. అట్టి దానికి 3 మిల్లీమీటర్ల ఉలి బిట్టు కావలెను. వెడల్పును నిర్ణయించునపుడు అతుకు పరిమాణముతోపాటు, దాని వెనుక ఏమున్నదో కూడ చూడవలెను.

సెల్‌ఫోను స్టార్టరు బోర్డు: దీనిలో సాధారణ పిన్నులకు 1.6 నుండి 2.4 మిల్లీమీటర్ల ఉలి బిట్టు తగును. రిలే కాళ్లు, వైర్లు బిగించు టెర్మినలు కాళ్లు లావుగా ఉండును. అదరుట వలనను, వేడి హెచ్చుతగ్గుల వలనను వీటి చుట్టు టంకములో సన్నని ఉంగరము వంటి పగులు ఏర్పడుట కలదు. మంచి వెలుతురులో భూతద్దముతో చూచినచో కనిపించును. అచ్చట 3.2 మిల్లీమీటర్ల ఉలి బిట్టుగాని, కత్తి బిట్టుగాని వాడి, పాత టంకము పూర్తిగా కరగిన తరువాత కొద్దిగా క్రొత్త టంకము చేర్చవలెను.

బ్యాటరీ స్ప్రేయరు: స్విచ్చి, ఛార్జింగు పిన్ను, పంపు మోటారు వద్ద వైర్లు ఇంచుమించు 1 చదరపు మిల్లీమీటరు మందమున ఉండును. 2.4 నుండి 3.2 మిల్లీమీటర్ల ఉలి బిట్టు, 25 నుండి 40 వాట్ల ఐరన్ తగును.

ట్రాక్టరు దీపములు, హారను వైర్లు: 1.5 నుండి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లకు 4 నుండి 5 మిల్లీమీటర్ల ఉలి బిట్టు, 60 వాట్ల ఐరన్ కావలెను. ఆరుబయట గాలి వీచునపుడు బిట్టు త్వరగా చల్లబడును. గాలి తగులని చోట పని చేయవలెను.

అంతకంటె లావు వైర్లు: ట్రాక్టరు సెల్ఫు మోటారునకు పోవు లావు కేబులును ఇంటి ఐరన్‌తో అతుకుటకు ప్రయత్నింపరాదు. దానికి తగిన లగ్గును పెట్టి, క్రింపింగు పనిముట్టుతో నొక్కించుటయే సరియైన పద్ధతి.

బిట్టు వెడల్పు పెంచి వాట్లు పెంచకపోయినను ప్రయోజనము లేదు. పెద్ద బిట్టులో వేడి నిలువ ఎక్కువ ఉండును కాని, ఒక అతుకు వేసిన తరువాత మరల వేడెక్కుటకు హీటరు బలము కావలెను. వేడి అమర్చుకొను ఐరన్ ఉన్నచో, సీసము కలిసిన టంకమునకు 320 నుండి 350 డిగ్రీలు, సీసము లేని దానికి 350 నుండి 380 డిగ్రీలు చాలును. టంకము పట్టనప్పుడు వేడి పెంచుటకు ముందు బిట్టు మార్చి చూడవలెను. 400 డిగ్రీలు దాటినచో రోజిన్ పని చేయకముందే మాడును, బిట్టు కూడ త్వరగా పాడగును.

టంకము వేయరాని చోట్లు

ఈ భాగమును రైతులు మిక్కిలి శ్రద్ధగా చదువవలెను. మంచి బిట్టు చేతిలో ఉన్నను, కొన్నిచోట్ల టంకము వేయుటయే ప్రమాదము.

మోటారు స్టార్టరులో మరలతో బిగించు వైర్ల కొనలకు టంకము పూయరాదు. పోగులు చెదరకుండ ఉండునని కొందరు ఇట్లు చేయుచున్నారు. టంకము మెత్తని లోహము. మర ఒత్తిడికి అది నెలల తరబడి నెమ్మదిగా అణగిపోవును. మర వదులగును. వదులైన చోట వేడి పుట్టును, వేడికి టంకము ఇంకను మెత్తబడును. 5 హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారు సుమారు 7 నుండి 8 ఆంపియర్ల కరెంటు తీసికొనును. అది గంటల తరబడి ఆ వదులు అతుకు గుండా పోయినచో టెర్మినలు నల్లబడి కాలును. ఒక ఫేజు తెగిపోయినచో, మిగిలిన రెండు ఫేజులపై మోటారు అధిక కరెంటు లాగి వైండింగు మాడిపోవును. బోరునుండి మోటారును పైకి తీయించి మరల వైండింగు చేయించు ఖర్చు, ఆ లోపున ఎండు పైరు నష్టము రైతు లెక్క వేసికొనవలసినదే. అట్టి కొనలకు టంకము బదులు, నొక్కి బిగించు లగ్గు వేయించవలెను.

ఎర్తు వైరు అతుకును టంకముపై మాత్రమే ఆధారపడి ఉంచరాదు. లోపము వచ్చి పెద్ద కరెంటు ప్రవహించినప్పుడు టంకము కరగి, ప్రాణము కాపాడవలసిన వైరే ఊడిపోవును.

అల్యూమినియము సర్వీసు వైరునకు మామూలు టంకము అంటుకొనదు. కంచె జి.ఐ. తీగలను క్లాంపులతో బిగించవలెనే కాని టంకము పనికిరాదు. సోలారు పలకల కనెక్టర్లను కూడ నొక్కించియే వేయించవలెను.

లిథియము బ్యాటరీ సెల్లుపై నేరుగా ఐరన్ పెట్టరాదు. వేడికి సెల్లు లోపల చెడి, మంట రేగవచ్చును. స్ప్రేయరులోని సీసపు బ్యాటరీ టెర్మినలుపై కూడ టంకము వేయక, గ్రుచ్చు క్లిప్పును వాడవలెను.

స్ప్రేయరు వైరును అతుకు విధానము

ముందుగా స్ప్రేయరును సబ్బునీటితో శుభ్రముగా కడిగి ఆరబెట్టవలెను. పురుగుమందు అంటిన వైరును వేడిచేసినచో విషపు పొగ వచ్చును. తరువాత బ్యాటరీ వైర్లను విడదీయవలెను.

వైరు కొన పచ్చగాగాని, నల్లగాగాని మారి యున్నచో, ఆ భాగమును కత్తిరించి మెరయు రాగి వచ్చువరకు తొడుగు తీయవలెను. పిన్నును ఉప్పు కాగితముతో రుద్దవలెను. కుదించు స్లీవును వైరునకు ముందే ఎక్కించవలెను. అతుకు పూర్తియైన తరువాత ఎక్కించుటకు వీలుండదు.

వైరును పిన్ను రంధ్రములో దూర్చి మెలి వేయవలెను. లాగినను రాకుండ అతుకును పట్టి ఉంచవలసినది ఈ మెలియే. టంకము కరెంటుకు దారి మాత్రమే.

బిట్టు కొనకు చిటికెడు టంకము తగిలించి, చదును భాగమును వైరు, పిన్ను రెంటికి ఒకేసారి ఆనించవలెను. ఒకటి రెండు సెకండ్ల తరువాత టంకపు తీగను బిట్టుకు కాక, ఎదుటి ప్రక్క వైరుకు తాకించవలెను. అది కరగి పోగులలోనికి పారినచో వేడి సరిపోయినట్లే. మొదట తీగను, పిదప ఐరన్‌ను తీయవలెను. గట్టిపడువరకు కదల్చరాదు, నోటితో ఊదరాదు. ఐదు సెకండ్లు దాటినను టంకము పారకున్నచో ఆపి, చల్లారనిచ్చి, పెద్ద బిట్టు మార్చవలెను.

మంచి అతుకు నునుపుగా, అంచులు పల్చగా పారి, లోపలి వైరు ఆకారము తెలియునట్లుండును. గుండ్రముగా ఉబ్బియున్నది మంచి అతుకు కాదు. చివరకు స్లీవును కుదించి, వైరును దగ్గరలో ఒకచోట కట్టివేయవలెను. టంకము పీల్చిన పోగులు బిరుసుగా ఉండును. వీపుమీద స్ప్రేయరు ఊగినప్పుడెల్ల వైరు ఆ చోటనే వంగి విరుగును. కట్టివేసినచో ఆ బాధ ఉండదు.

తగరపు పనివారు వాడు ఆమ్లము, జింకు క్లోరైడు ద్రావకము వైర్ల పనికి వాడరాదు. అది రాగిని కొద్ది నెలలలో తినివేయును.

బిట్టును కాపాడుట

మామూలు రాగి బిట్టును కరగిన తగరము కొంచెము కొంచెముగా తినివేయును. గుంటలు పడినప్పుడు దానిని ఆకురాయితో చదును చేసి, వేడిచేసి వెంటనే టంకము పూయవలెను. ఇనుప పూత గల బిట్లు ఎక్కువ కాలము మన్నును. వీటిని ఆకురాయితో గాని, ఉప్పు కాగితముతో గాని రుద్దరాదు. పలుచని ఇనుప పూత పోయినచో లోపలి రాగి కొద్ది రోజులలోనే కరగి, బిట్టునకు రంధ్రము పడును. అయస్కాంతమునకు కొన అంటుకొన్నచో అది ఇనుప పూత బిట్టు అని గుర్తింపవచ్చును.

పని మధ్యలో బిట్టును తడి స్పాంజిపై గాని, ఇత్తడి తీగ చుట్టలో గాని తుడువవలెను. స్పాంజి తడిగా ఉండవలెనే కాని నీరు కారరాదు. పని ముగిసిన తరువాత మాత్రము బిట్టును తుడిచి ఉంచరాదు. కొనపై టంకము దట్టముగా పూసి చల్లార్చవలెను. ఆ టంకము గాలి తగులకుండ కొనను కాపాడును. నల్లబడి టంకము పట్టని బిట్టును రోజిన్ గల టంకముతో పలుమార్లు పూసి తుడిచినచో చాలవరకు తిరిగి తెల్లబడును. బిట్టును రెంచితో పట్టి తిప్పుట, దానితో ప్లాస్టిక్ కరగించుట మానవలెను.

ఆరోగ్యము, ప్రాణరక్షణ

స్టార్టరు పెట్టెలోని బోర్డును ముట్టుకొనుటకు ముందు మెయిను స్విచ్చి ఆపి, టెస్టరుతో అన్ని ఫేజులను చూచి, బోర్డును విప్పి బయటకు తెచ్చి పని చేయవలెను. కరెంటు ఆపినను కెపాసిటరులో విద్యుత్తు నిలిచి యుండును. ఎలక్ట్రీషియను చేత దానిని ఖాళీ చేయించవలెను. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజులను రైతు ముట్టరాదు, లైను‌మాన్‌ను పిలువవలెను.

ఐరన్‌కు ఎర్తుతో కూడిన మూడు పిన్నుల ప్లగ్గు ఉండవలెను. సీసము విషము కనుక పని చేయునపుడు బీడీ, చుట్ట, ఆకువక్క ముట్టక, పని తరువాత సబ్బుతో చేతులు కడుగవలెను. టంకపు ముక్కలను పిల్లలకు అందనీయరాదు. పొగ ముఖమునకు తగులకుండ గాలి ఆడు చోట కూర్చుండవలెను. కాలినచో వెంటనే 20 నిమిషములు చల్లని నీటి ధారలో ఉంచవలెను. సిరా, పసుపు, పేస్టు పూయరాదు.

ఏమేమి కొనవలెను?

రైతు ఇంటికి 25 వాట్ల ఐరన్ ఒకటి, దానికి సరిపడు 1.6, 3.2 మిల్లీమీటర్ల ఉలి బిట్లు రెండు, రోజిన్ గల 60/40 టంకపు తీగ చుట్ట, ఇత్తడి తీగ చుట్ట, కొన్ని కుదించు స్లీవులు చాలును. ట్రాక్టరు గలవారు 60 వాట్ల ఐరన్‌ను వెడల్పు బిట్టుతో చేర్చుకొనవచ్చును. ముందుగా పనికిరాని వైరు ముక్కలపై పది అతుకులు వేసి, లాగి చూచి, చేయి తిరిగిన తరువాతనే స్ప్రేయరుపై చేయి పెట్టవలెను. మందు కొట్టు కాలము రాకమునుపే, తీరిక గల రోజున ఈ పని నేర్చుకొన్నచో, అదను వచ్చిన రోజున పట్టణము దారి పట్టవలసిన అవసరముండదు.